రొట్టెల మూటతో నడక

క్రితం వారం హబీబాను మా దర్వాజా దగ్గరే నిలబెట్టి ఆపేశాను. ఆవిడ ఇంకా అక్కడే ఉంది, నేను ఇంకా వాకిట్లోనే ఉన్నాను. కొత్తగా చదివేవాళ్ల కోసం జరిగింది గబగబా చెప్పేస్తాను, తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

నా పేరు సనోబర్. ఫెర్గానా లోయలో మా ఊరి ఆరోగ్య కేంద్రంలో పందొమ్మిదేళ్లుగా నర్సును. ఇంట్లో మాత్రం పెద్దకోడలిని, అంతే. మా ఊళ్లో యాభై దాటిన ఆడవాళ్లలో సగం మందికి చక్కెర జబ్బు, మిగతా సగానికి రక్తపోటు. మా మీటరు మీద చక్కెర ఏడు దాటకూడదు, ఇక్కడ పన్నెండు, పద్నాలుగు మామూలైపోయాయి. ఎందుకు రావు? ఇంటికి కోడలు అడుగుపెట్టిన రోజున అత్తగారు పరుపుల మీదికి ఎక్కుతుంది. ఆ తర్వాత గ్లాసెడు నీళ్లు కూడా తనంతట తాను ముంచుకోదు. ముంచుకుంటే కోడలికి సిగ్గు, ఇంటికి చెడ్డపేరు. వారానికి రెండు రోజులు ఆరోగ్య కేంద్రం వసారాలో ఆడవాళ్లను కూర్చోబెట్టి గొంతు పోయేలా చెప్పాను, రోజుకో అరగంట నడవండమ్మా, మందులతో పాటు అది కూడా మందే అని. చెప్పగా చెప్పగా ఇద్దరు కదిలారు. ఇనోబత్ ఒపా, తుర్సునోయ్ ఒపా. ఒపా అంటే మా దగ్గర అక్క.

కదిలారు సరే, వీధిలోకి వెళ్లేదెలా? మా ఊళ్లో పనేమీ లేకుండా ఆడమనిషి నడిస్తే ప్రతి గుమ్మం నుంచీ "ఎక్కడికి ప్రయాణం?" అనే ఆరాలే. దానికి ఇనోబత్ ఒపా ఒక ఉపాయం చెప్పింది. పూలగుడ్డలో రెండు రొట్టెలు మూట కట్టి చేత్తో పట్టుకుంటే చాలు, ఎవరింటికో పలకరింపుకు వెళ్తున్నారనుకుని ఎవరూ అడగరు. నిజంగానే ఎవరూ అడగలేదు. మూడు మూటలతో మేం ముగ్గురం నెలన్నర నడిచాం. వీధి చివర హబీబా ఇంటి ముందు, మల్బరీ చెట్టు కింద ఒక బల్ల ఉంది. అక్కడ కూర్చుని ఆయాసం తీర్చుకుని వెనక్కి తిరిగేవాళ్లం.

హబీబాకు పెళ్లికి ఎదిగిన కూతురుంది, పేరు నిగినా. నాకు పెళ్లీడు కొడుకున్నాడు, బహ్రోమ్. మా దగ్గర పిల్లను అడగడానికి వచ్చే పెద్ద ఆడవాళ్లు ఇద్దరుగానో ముగ్గురుగానో వస్తారు, చేతిలో రొట్టెల మూటతో వస్తారు, మొదటిసారే నోరు విప్పరు, మళ్లీ మళ్లీ వస్తారు. ఇంత చిన్న సంగతి ముగ్గురిలో ఒక్కరి బుర్రకైనా తట్టిందా? తట్టలేదు! ఒకరోజు హబీబా మమ్మల్ని లోపలికి పిలిచి చాయ్ పోసింది. మూటలోని రొట్టె తీసుకుని రెండుగా విరిచింది. చాయ్‌లోకి ఎవరైనా రొట్టె విరుస్తారు. పిల్లను ఇస్తున్నామని మాటిచ్చేటప్పుడూ విరుస్తారు. ఆవిడ విరిచింది మాటివ్వడానికని తెలియక మేం హాయిగా తిని, తాగి వచ్చాం. కూర్చున్నంతసేపూ నేను చక్కెర మిఠాయి తగ్గించమని పాఠం కూడా చెప్పాను.

నాలుగు రోజులకు నిగినా కోసం పట్నం నుంచి మంచి సంబంధం వచ్చింది. "మా పిల్లకు రొట్టె విరిచేశాం" అని హబీబా వాళ్లను పంపించేసింది. ఇరవై రోజులు మా కబురు కోసం ఎదురుచూసింది. చూసి చూసి ఆ గురువారం పొద్దున తనే వచ్చింది.

అదీ జరిగింది. ఇక వాకిట్లోకి రండి.

జూన్ నెల. పొద్దున తొమ్మిదికే ఎండ చుర్రుమంటోంది. మా తోడికోడలు రోబియా వాకిలంతా నీళ్లు చల్లి ఊడ్చి, ఇటుకల మీద ఇంకా తడి ఆరకముందే నేరేడుపండు రంగు గౌను అంచు నడుముకు దోపుకుని ఖుబానీ పళ్లు చీల్చి ఎండబెడుతోంది. ద్రాక్షపందిరి కింద తప్చాన్ బల్ల మీద, నాలుగు పరుపుల ఎత్తున మా అత్తగారు హోజర్ బువీ కూర్చుని ఉంది. డెబ్బై ఒకటి నిండాయి, ఊరంతా బువీ, అంటే అవ్వా, అనే పిలుస్తుంది. అంత ఎండలోనూ కాళ్లకు తెల్లటి ఉన్ని మేజోళ్లు. ఎప్పుడూ అంతే, "నా పాదాలు చల్లబడతాయి" అంటుంది. ఊరందరి పాదాలూ చూసే నేను ఆ మాట రెండేళ్లుగా వింటూ చాయ్ పోస్తూ వచ్చాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

హబీబా సలాం చేసి తప్చాన్ అంచున కూర్చుంది. ఒళ్లో తెల్లగుడ్డ విప్పింది. సగం రొట్టె. ఎండి పెంకులా అయిపోయింది.

"ఇదేంటో గుర్తుపట్టావా సనోబర్?" అంది.

"రొట్టె కదా," అన్నాను. ఆ క్షణాన నా నోరు పడిపోయినా బాగుండేది.

"విన్నారా బువీ? రొట్టె కదా అంటోంది!" హబీబా నవ్వింది. నవ్వులా లేదది. "అవునమ్మా, రొట్టే. మీ చేతులతో తెచ్చింది, నా చేతులతో విరిచింది. రోజెప్పుడు పెట్టుకుందాం అని అడగడానికి వచ్చాను. ఆడపిల్లవాళ్లం మేమే గడప తొక్కి రావాల్సొచ్చింది. సిగ్గు చంపుకుని వచ్చాను."

అత్తగారు చేతిలోని పియాలా కింద పెట్టింది. "ఏ రోజు?"

"పెళ్లి రోజు బువీ. మీ బహ్రోమ్‌కూ మా నిగినాకూ."

"నా మనవడికి పెళ్లా! నాకు తెలియకుండా?" ఆవిడ చూపు నా మీదికి తిరిగింది. ఇరవై నాలుగేళ్లుగా ఆ చూపు కింద బతుకుతున్నాను, ఇప్పటికీ అలవాటు కాలేదు.

"అది కాదు అత్తమ్మా... హబీబా, ఎక్కడో పొరపాటు జరిగింది. మేం అడగడానికి రాలేదు. మేం..."

ఇంకా మాట పూర్తి కాలేదు. దర్వాజా తోసుకుని ఇనోబత్ ఒపా లోపలికి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పత్తి చేలలో ముప్పై ఏళ్లు గొంతు చించుకున్న మనిషి, ఆవిడ మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చేతిలో పూలగుడ్డ మూట.

"సనోబర్! ఎండెక్కిపోతోంది, రావేం? తుర్సునోయ్ మూలమలుపు దగ్గర నిలబడి తిడుతోంది..." అని హబీబాను చూసి ఆగిపోయింది. మూటను వెనక్కి దాచుకుంది. అంత లావు మనిషి వెనక ఆ మూట దాగింది గానీ సంగతి దాగుతుందా?

"రా ఇనోబత్, రా," అంది అత్తగారు తీయగా. ఆవిడ తీయగా మాట్లాడితే రోబియా ఖుబానీలు వదిలేసి వంటింట్లోకి పోతుంది. ఆ రోజూ పోయింది. "ఎవరింటికి బయల్దేరారు రొట్టెలు పట్టుకుని? నా కోడలు రోగుల ఇళ్లకు వెళ్తున్నానని చెప్తుంది రోజూ. మీరిద్దరూ ఎప్పట్నుంచి నర్సులయ్యారు?"

ఇనోబత్ ఒపా నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"మూట విప్పు," అంది అత్తగారు.

"ఏముంటుంది బువీ, రొట్టేగా..."

"విప్పమన్నాను."

విప్పింది. రెండు రొట్టెలు. హబీబా ఒళ్లోని ముక్క కంటే గట్టిగా ఉన్నాయవి. అత్తగారు వేలితో కొట్టి చూసింది, చెక్కలా చప్పుడు వచ్చింది.

"వారం రోజులుగా ఇవే మోస్తున్నాను బువీ," అంది ఇనోబత్ ఒపా చివరికి, ఇక దాచి లాభం లేదని. "మెత్తటివి మోస్తే దారిలో తినేస్తాను, నా సంగతి నాకు తెలుసుగా. మీ కోడలే చెప్పింది నడవమని. నడుస్తున్నాం. అంతే. ఎవరింటికీ పోవట్లేదు, మల్బరీ చెట్టు దాకా పోయి తిరిగి వస్తాం. ఊళ్లోవాళ్లు ప్రశ్నలేయకుండా ఈ మూట. దొంగతనం చేశామా, లంజరికం చేశామా?"

పక్కింటి కోళ్లు గోల చేస్తున్నాయి.

హబీబా నన్నే చూస్తోంది. "నడవడానికా?" అంది. "మీరు ముగ్గురూ... ఊరికే నడవడానికి వచ్చారా నా గుమ్మానికి?"

"నన్ను క్షమించు హబీబా..."

"ఊరికే నడవడానికి!" ఆవిడ గొంతు పైకి లేచింది. "నేను గుమ్మం కడిగించాను. మా ఆయనకు కొత్త చొక్కా కుట్టించాను. నా పిల్ల మీ అడుగుల చప్పుడు వినపడగానే లోపలికి పరుగెత్తి జుట్టు దువ్వుకునేది! పట్నం వాళ్లు ఎంత మంచివాళ్లు, పిల్లాడు ఎంత నెమ్మదస్తుడు! కాదన్నాను. మీ సగం రొట్టెను నమ్ముకుని కాదన్నాను. ఇప్పుడు ఊరంతా ఏమంటోందో తెలుసా? హోజర్ బువీ ఇంటివాళ్లు రొట్టె విరిచి పిల్లలో ఏదో లోపం చూసి మానుకున్నారట! లోపమట నా పిల్లలో!"

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఏడ్చినా నేను తట్టుకునేదాన్నేమో.

"నేను పట్నం వెళ్తాను," అన్నాను. "వాళ్ల ఇంటికి వెళ్లి తప్పు నాదని చెప్తాను. మహల్లా కూటంలో పేటవాళ్లందరి ముందూ చెప్తాను. మేం పిల్లను చూడటానికి రాలేదు, చక్కెర తగ్గించుకోవడానికి నడిచాం అని."

"చెప్పు, చెప్పు. నవ్వుతారు."

"నవ్వనీ. నీ పిల్ల మీద మాట పోతుంది కదా."

దానికి హబీబా అన్న మాట ఇప్పటికీ నాకు నిద్రలో వినపడుతుంది. అరిచి అంటే బాగుండేది. నెమ్మదిగా అంది.

"నాకూ చక్కెర ఉంది సనోబర్. నువ్వే వేలు పొడిచి చూశావు. వసారాలో ముందు వరసలో కూర్చుని నీ పాఠం విన్నాను. నడవండి, సిగ్గుపడకండి, ఇది మీ ఒళ్లు, మీ ప్రాణం అన్నావు. ఎంత బాగా చెప్పిందీ అనుకున్నాను. నలభై రోజులు నా బల్ల మీద కూర్చుని ఆయాసపడ్డావు. హబీబా, మేం నడుస్తున్నాం, నువ్వూ రా అని ఒక్కసారి అన్నావా? అనుంటే నా పిల్ల సంబంధం పోయేదా? నేనూ వచ్చేదాన్ని కదే! అనలేదు. ఎందుకంటే నువ్వే సిగ్గుపడ్డావు. రొట్టె చాటున దాక్కుని నడిచే దానివి, మాకు పాఠాలా?"

తల కొట్టేసినట్టయింది. ఎవరో లాగి చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండదు. ఎందుకంటే అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆరోగ్య కేంద్రం గోడ మీద ప్యాంటు వేసుకుని పరుగెత్తే అమ్మాయి బొమ్మ అంటించింది నేనే. పెద్దవాళ్లు ఎవరైనా వస్తున్నారంటే దాని మీద టీకాల పట్టిక వేలాడదీసిందీ నేనే.

ఇనోబత్ ఒపా నా పక్షాన అందుకుంది. "అలా అనకు హబీబా. పద్నాలుగు ఉండే నా చక్కెర తొమ్మిదికి దిగింది. చలికాలంలో మెట్టు ఎక్కలేకపోయేదాన్ని, ఇప్పుడు నా మనవరాలిని ఎత్తుకుని తిరుగుతున్నాను. సిగ్గుతో నడిచినా నడకే, దాని ఫలితం దానిదే."

"నీ తొమ్మిదికి నా పిల్ల బతుకు ఖరీదా ఒపా?"

ఇనోబత్ ఒపా వంగి ఆ గట్టి రొట్టెలను మళ్లీ మూట కట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు అత్తగారు గొంతు సవరించుకుంది. తీర్పు వచ్చే చప్పుడది. "విన్నాను. అంతా విన్నాను. రేపు శుక్రవారం మహల్లా కూటంలో నా కోడలు లేచి నిలబడి చెప్తుంది. పిల్ల మీద మాట ఉండకూడదు, నిజమే. చెప్పి, ఆ నడక, ఆ పాఠాలు, ఆ వెర్రి మొర్రి వేషాలు ఆ రోజుతో సరి అని కూడా చెప్తుంది. రొట్టెతో ఆటలాడిన చేతులు! దేవుడి ముందు ఎలా ఎత్తుతారో దువాకి! హబీబా, నీకది చాలా?"

"చాలు బువీ," అంది హబీబా అలసటగా. "మళ్లీ మూటలు పట్టుకుని ఆడపిల్లలున్న గుమ్మాల ముందు తిరక్కపోతే చాలు."

అయిపోయింది. అందరూ నా వైపు చూశారు. ఏం చెయ్యాలి నేను? తల వంచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "సరే అత్తమ్మా" అనాలి. ఇరవై నాలుగేళ్లలో ఎన్ని వేలసార్లు అన్నాను! నాలుక మీదికి వచ్చేసింది కూడా. కానీ హబీబా మాట గొంతులో ముల్లులా అడ్డుపడింది. రొట్టె చాటున దాక్కుని నడిచే దానివి.

"మహల్లాలో చెప్తాను," అన్నాను. "తప్పు నాదేనని కూడా చెప్తాను. కానీ నడక ఆపను అత్తమ్మా. మూటలు మానేస్తాం. ఖాళీ చేతులతో నడుస్తాం."

"ఏంటీ?"

"ఖాళీ చేతులతో. ఎక్కడికి అని అడిగితే ఎక్కడికీ కాదు, ఒంటికి మంచిదని నడుస్తున్నాం అని చెప్తాం. హబీబా, నువ్వూ రా."

ఇనోబత్ ఒపా "అల్లా!" అని బుగ్గలు నొక్కుకుంది.

అత్తగారి ముఖం కందగడ్డలా అయింది. "ఖాళీ చేతులతో నా ఇంటి కోడలు వీధిలో ఊగుతూ పోతుందా? పనీ పాటా లేని దానిలా? ఎవరు చూసినా ఏమంటారు, ఆ ఇంట్లో దీన్ని అడిగే పెద్దదిక్కే లేదా అనరూ?"

"అననివ్వండి. ప్రాణాలు దక్కుతాయి. ఆరేళ్లుగా మీరు ఈ తప్చాన్ దిగి దర్వాజా దాకా నడవలేదు. మీకూ చక్కెర ఉంది. మందులు మింగుతున్నారు, కానీ ఒక్కసారి కూడా నన్ను మీ కాళ్లు..."

"నోర్ముయ్!"

పందిరి మీది పిచ్చుకలు లేచిపోయాయి.

"నేను కూర్చున్నానని ఏడుస్తున్నావా?" అంది. కోపంతో కాదు, ఏదో దొంగను పట్టుకున్నట్టు అంది. "పదిహేడేళ్లకు ఈ ఇంటికి వచ్చాను. ముప్పై ఏళ్లు ఈ వాకిలి ఊడ్చాను. మా అత్తగారు లేవకముందు లేచాను, ఆవిడ పడుకున్నాక పడుకున్నాను. కడుపుతో ఉండి బావి నుంచి నీళ్లు మోశాను, ఇద్దరు పిల్లలు కడుపులోనే పోయారు, మర్నాడు మళ్లీ మోశాను. అప్పుడు ఏ నర్సూ వచ్చి, అమ్మా హోజర్, నీ ఒళ్లు జాగ్రత్త అనలేదే! ఒక్కటే ఆశ నాకు, ఎప్పటికైనా నేనూ ఆ పరుపుల మీద కూర్చుంటానని. కూర్చున్నాను. ఇది నా బతుకంతా చేసిన చాకిరీకి దక్కింది. దీన్ని కూడా లాక్కుంటావా? లేచి నడవమంటావా? చదువుకున్నదానివని నా కూర్చోవడం కూడా జబ్బంటావా?"

ఏ పుస్తకంలోనూ, ఏ శిక్షణలోనూ దీనికి జవాబు చెప్పలేదు నాకు. నడవండి అని చెప్పడం నేర్పారు గానీ, ముప్పై ఏళ్లు నడిచి నడిచి కూర్చున్నవాళ్లకు ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు.

"మీ కూర్చోవడం మీదే అత్తమ్మా," అన్నాను. "కానీ నేను నడుస్తాను."

పియాలా గాల్లోకి లేచింది. నాకు తగలాలని కాదు, అంత పిచ్చిది కాదావిడ. నా పాదాలకు రెండు అడుగుల అవతల ఇటుకల మీద పడి భళ్లున పగిలింది. పెళ్లిలో తనకొచ్చిన నీలం పూల పియాలా.

తర్వాత ఆవిడ తప్చాన్ దిగింది.

ఇద్దరు కోడళ్లు చెరో పక్కన పట్టుకుంటే తప్ప దిగని మనిషి, ఒంటరిగా దిగింది. చెప్పుల కోసం చూడలేదు. ఆ తెల్లటి మేజోళ్లతోనే వాకిలి దాటి, పగిలిన పియాలా మీదుగానే, నన్ను దాటుకుని, దర్వాజా వైపు నడిచింది. వెన్ను నిటారుగా పెట్టి నడిచింది. నేను పాడు అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ముప్పై నాలుగు అడుగులు. ఆరేళ్లుగా నేను వేయించలేకపోయిన అడుగులు, నన్ను ఆపడం కోసం వేసింది.

దర్వాజా గడియ లాగి బిగించింది. "ఖాళీ చేతులతో ఎలా పోతావో పో చూస్తాను," అంది తలుపుకు వీపు ఆనించి.

వెనక హబీబా ఇప్పుడు ఏడుస్తోంది. అంతసేపూ రాని ఏడుపు పియాలా పగిలిన చప్పుడుకు వచ్చింది. ఇనోబత్ ఒపా ఆవిడ తల భుజానికి ఆనించుకుని ఏదో చెబుతోంది. వాళ్లిద్దరి వీపులూ మా వైపు ఉన్నాయి.

నేను ముక్కలు ఏరుదామని వంగాను. కోడలి ఒళ్లు కదా, ఏం జరిగినా ముందు వాకిలి శుభ్రం చెయ్యాలి. వంగితే కనపడింది.

తడి ఇటుకల మీద ఎర్రటి మచ్చ. దాని తర్వాత ఇంకోటి. ఇంకోటి. అడుగు విడిచి అడుగు, కుడి పాదం పడ్డ ప్రతిచోటా, పియాలా ముక్కల దగ్గర్నుంచి దర్వాజా దాకా. మల్బరీ పళ్లు తొక్కారేమో అనుకుంది నా వెర్రి మనసు. మా వాకిట్లో మల్బరీ చెట్టు లేదు.

తలెత్తి చూశాను. తెల్లటి కుడి మేజోడు అడుగంతా ఎర్రగా నానిపోయింది. అరికాలి పక్కన వేలెడు పెంకు గుచ్చుకుని బయటికి కనపడుతోంది, నీలం పువ్వుతో సహా. ఆవిడ దాని మీదే ఒళ్లంతా మోపి నిలబడి ఉంది. ముఖంలో నొప్పి లేదు. కోపం తప్ప ఏమీ లేదు.

వసారాలో ఎన్నిసార్లు చెప్పాను నేను! పాదాలు చల్లగా అనిపిస్తే, చీమలు పాకినట్టుంటే, తిమ్మిరెక్కితే నా దగ్గరికి రండి, గుచ్చుకున్నది తెలియకపోతే కాలే పోతుంది అని. ఊరందరి చెప్పులూ విప్పించాను. నా ఇంట్లో మేజోళ్లు విప్పించలేదు. చలి అన్న మాటను రెండేళ్లు చలి అనే అనుకున్నాను.

నా చూపు ఎటు ఉందో ఆవిడ చూసింది. తన కాలి వైపు వంగి చూసుకుంది. ఉలిక్కిపడలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఇది ఆవిడకు కొత్త కాదని.

నేను దగ్గరికి పరుగెత్తాను. మోకాళ్ల మీద కూలబడి పాదం పట్టుకోబోతే నా మణికట్టు పట్టుకుంది. ఎంత బలంగా పట్టుకుందో!

"అరవకు," అంది వంగి నా చెవిలో. "రోబియా! నీళ్లు తీసుకురా, పియాలా ఒలికింది, చల్లు!" అని పైకి అని, మళ్లీ గుసగుసగా, "రెండు చలికాలాలయింది, ఆ కాలు నాది కానట్టే ఉంది. వేళ్ల మధ్య పుండు కూడా ఉంది, నేనే కట్టు కట్టుకుంటున్నాను."

"అత్తమ్మా! ఇవాళే ఆసుపత్రికి..."

"నా చెల్లెలు సాదత్ ఒక్క వేలితో వెళ్లింది ఆసుపత్రికి. మోకాలి దాకా పోగొట్టుకుని వచ్చింది. ఆ తర్వాత ఆ ఇంట్లో దాన్ని ఎవరైనా అడిగారా, ఏం వండాలి, పిల్లను ఎవరికివ్వాలి అని? మూలన మూటలా పడి ఉండి పోయింది. నేనలా పోను. చస్తే ఈ ఇంటి పెద్దగానే చస్తాను."

రోబియా బకెట్‌తో వచ్చింది. ఎర్ర మచ్చలు చూసి ఆగింది. అత్తగారు ఒక్క చూపు చూసేసరికి తల వంచుకుని నీళ్లు చల్లడం మొదలుపెట్టింది. కోడళ్లం కదా, చూసింది చూడనట్టు చేయడం మాకు పుట్టింటి నుంచే వచ్చు.

"విను," అంది అత్తగారు. వీపు వెనక చెయ్యి పెట్టి గడియ తడుముకుంది. "నువ్వు నోరు విప్పకు. కొడుకుతో చెప్పకు, డాక్టరుతో చెప్పకు. ప్రతిగా నీకు నడక ఇస్తాను. ఖాళీ చేతులతోనే పో. ఊళ్లో ఆడవాళ్లందర్నీ తీసుకుపో. హోజర్ బువీయే పంపిందని చెప్పు, ఈ ఊళ్లో ఒక్క మొగాడు, ఒక్క అత్తగారు నోరెత్తరు. నీకు తెలుసు ఆ సంగతి."

తెలుసు. ఆవిడ ఊ అంటే మా మహల్లాలో నలభై దర్వాజాలు తెరుచుకుంటాయి. పందొమ్మిదేళ్లు గొంతు చించుకున్నా నావల్ల కానిది ఆవిడ ఒక్క మాటతో అవుతుంది. ఇనోబత్ ఒపా తొమ్మిది ఏడుకు దిగుతుంది. హబీబా నడుస్తుంది. ఎంతమంది ఎన్నేళ్లు ఎక్కువ బతుకుతారో.

ఆవిడ గడియ తీసింది. దర్వాజా జానెడు తెరుచుకుంది. వీధిలోంచి ఎండ, మూలమలుపు దగ్గర నిలబడి ఇంకా మా కోసం తిడుతున్న తుర్సునోయ్ ఒపా గొంతు లోపలికి వచ్చాయి.

"ఏమంటోంది సనోబర్?" అని వెనక నుంచి ఇనోబత్ ఒపా అరిచింది. "పోవచ్చా మేం?"

హబీబా కూడా తల తిప్పి చూస్తోంది. రోబియా చల్లిన నీళ్లు ఎర్రగా మా ఇద్దరి మధ్య నుంచి పారి గడప కింది కాలవలోకి జారుతున్నాయి. అత్తగారి చెయ్యి ఇంకా నా మణికట్టు మీదే ఉంది. నా రెండో చెయ్యి ఆవిడ పాదం మీద ఉంది. మంచులా ఉంది ఆ పాదం.

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను.